క్యాంటీన్ మైకులో సేఫ్టీ సారు

మా తమ్ముడి మనవరాలు మొన్న చెవుల్లో ఏవో పెట్టుకుని, గోడవైపు చూస్తూ పకపకా నవ్వుతుంటే నాకు గుండె ఝల్లుమంది. పిల్లకేమైనా అయిందా అనుకున్నాను. తీరా చూస్తే పాడ్‌కాస్టట. ఒకావిడ ప్రశ్నలు అడుగుతుంది, ఒకాయన రోజుకో మనిషిలా గొంతు మార్చుకుని వచ్చి జవాబులు చెప్తాడు. ముందుగా రాసుకున్నది ఏమీ ఉండదు, అప్పటికప్పుడు ఏది తోస్తే అది. "ఇట్లాంటిది నువ్వు జన్మలో విని ఉండవు నానమ్మా" అంది.

వినడమేమిటి పిల్లా, నేను చేశాను. తొంభైల నడుమ, పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో, మూడు వందల మంది అన్నం తింటుండగా రెండేళ్లు చేశాను. మేం దాన్ని 'మైకు ముచ్చట' అనేవాళ్లం. నవ్వించిన శుక్రవారాలు బోలెడు. ఆఖరి శుక్రవారం మాత్రం వేరు. దాని తర్వాత ఒక మంచి మనిషి ఉద్యోగం నేను నోరు తెరవడం మీద ఆధారపడింది. నవ్వులు చెప్పి ఊరుకుందామనుకుంటాను గానీ, అది చెప్పకపోతే చెప్పినట్టు కాదు. కనుక రెండూ చెప్తాను, ఓపికగా వినండి.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. గేటు దాటగానే ఎడమ పక్కన అద్దాల గది నాది. ఒక స్విచ్ బోర్డు, ఒక మైకు, ఒక పాటల క్యాసెట్ల డబ్బా. ఆ మైకులో మాట్లాడితే ఫ్యాక్టరీ అంతా వినిపిస్తుంది, క్యాంటీన్‌లో అయితే రెండు పెద్ద స్పీకర్లుండేవి. మధ్యాహ్నం అన్నాల వేళ పాటలు పెట్టేదాన్ని. మిగతా సమయంలో ఎవరికి ఫోన్ వస్తే వాళ్లను పిలిచేదాన్ని.

అప్పట్లో ఇళ్లలో ఫోన్లెక్కడివి? వెలిమెల నుంచో కంది నుంచో ఒక మనిషి ఎస్‌టీడీ బూత్ దాకా నడిచి వచ్చి మా ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడంటే, ఆ కబురు మంచిది కాదనే లెక్క. నేను మైకులో పేరు చదివి, బిళ్ల నంబరు చదివి, "ఇంటి నుంచి ఫోన్" అనేదాన్ని. అంతే, ఎక్కడి పని అక్కడ ఆగేది. ఎవరి పేరో విని మిగతావాళ్లు ఊపిరి వదిలేవాళ్లు. ఆ ఒక్క మాట మీద మా దగ్గర ఎవరూ పరాచికాలాడలేదు.

ఇక రెండో మనిషి సంగతి. బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన. పక్క ఊరాయనే, నాకంటే పదేళ్లు పెద్ద, ఇంటి దగ్గర కొంచెం పొలం ఉండేది. అందరూ బాయిలరన్న అనేవాళ్లు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. నా గది ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ కిటికీలో తల పెట్టి, ముసలమ్మ గొంతుతో "బిడ్డా, నా కొడుకు గీ ఫ్యాక్టరీల ఉన్నడా, ఇడిచిపెట్టి పోయిండా" అని అడిగేవాడు. నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఒకరోజు టేప్ రికార్డరు పాటల క్యాసెట్‌ను నమిలేసింది. నేను పెన్సిల్ పెట్టి టేపు చుట్టుకుంటుంటే ఈయన వచ్చి తల పెట్టాడు. మైకు ఆన్‌లో ఉందని నాకు గుర్తులేదు. "ఏమవ్వా, ఇయ్యాల ఏం పని మీదొచ్చినవ్?" అన్నాను.

అవ్వ ఫిర్యాదు చేయడానికి వచ్చింది. మా సైరన్ వల్ల ఆమె బర్రె పాలివ్వడం లేదట. మొదటి కూతకు లేస్తుంది, రెండో కూతకు పడుకుంటుంది, మూడో కూతకు ఇంటికి పోదామని తాడు తెంపుతుంది. "షిఫ్టులన్నీ జేస్తుంది గదనే, దానికి గూడ హాజరెయ్యుండ్రి" అంది అవ్వ. క్యాంటీన్ వైపు నుంచి ఏదో కూలినట్టు శబ్దం వచ్చింది. అది మూడు వందల మంది నవ్వు అని తెలుసుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఊడలేదు. మేనేజరు గారు కూడా నవ్వారట. అప్పటినుంచి మంగళ, శుక్రవారాలు పదిహేను నిమిషాలు మావే. బాయిలరన్న ముందుగా ఏమీ అనుకుని వచ్చేవాడు కాదు. ఇవాళ ఎవరొస్తున్నారన్నా అని అడిగితే, "నాకే ఎరుకలేదు చెల్లె, నువ్వు అడుగు, వాడే వస్తడు" అనేవాడు. నేను నేర్చుకున్నది ఒక్కటే. ఆయన ఏం చెప్పినా కాదనకూడదు. అవ్వ వచ్చి బర్రెకు లగ్గం పెట్టుకున్నమంటే, బర్రెకు పెళ్లేమిటి అని నేనంటే ముచ్చట అక్కడితో చస్తుంది. పిల్లగాడు ఏ డిపార్ట్‌మెంటు అని అడగాలి. ఆ ప్రశ్నతో ఆయన ఇంకో పది నిమిషాలు లాగేవాడు. అవ్వ వచ్చింది, కూలీలను తెచ్చే కాంట్రాక్టరు వచ్చాడు, బాంబే హైవే మీద దారి తప్పి మా గేటు దగ్గర మూడు రోజులుగా తిరుగుతున్న లారీ డ్రైవరు వచ్చాడు. నేను మాత్రం నేనే. నవ్వకుండా ప్రశ్నలు అడగడం నా పని. చెంప లోపల పళ్లతో కొరుక్కుని ఆపుకునేదాన్ని.

మా సేఫ్టీ ఆఫీసరు గారు కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన. పొడుగ్గా, నెమ్మదిగా, ఎప్పుడూ పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడేవారు. నెలకోసారి మైకులో జాగ్రత్తలు చెప్పేవారు. ఏం చెప్పినా మొదట "కంగారు పడవద్దు" అనాలి ఆయన. హెల్మెట్ గురించైనా అంతే, చేతులు కడుక్కోవడం గురించైనా అంతే. మా వైపు నోళ్లలో పరేషాన్ ఉంది గానీ కంగారు లేదు. బీహారు నుంచి వచ్చిన ఫిట్టరొకాయన నన్ను చాటుగా అడిగాడు, సారు నెలనెలా కంగారూ గురించే ఎందుకు చెప్తారు, అది ఆస్ట్రేలియాలో కదా ఉండేది అని. నేను రెండు రోజులు నవ్వాను.

ఆయన మంచివారు. ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు. ఎందుకంటే ఒకరోజు నా గదికి వచ్చి, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీరు మైకులో 'జల్దీ రండి' అంటున్నారు. జల్దీ తెలుగు మాట కాదు. 'త్వరగా' అనండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ నన్ను పుట్టినప్పటి నుంచి జల్దీ లే, జల్దీ తిను అనే పెంచింది. మరి మా అమ్మ ఏం మాట్లాడినట్టు? పైకి సరే సార్ అన్నాను. లోపల పెట్టుకున్నాను. అట్లా లోపల పెట్టుకునే గుణం నాకు బాగా ఉంది.

బాయిలరన్నను నేనే అడిగాను, సేఫ్టీ సారును ముచ్చటలోకి తీసుకురమ్మని. ఆయన వద్దన్నాడు. "మనల కాపాడే సారు గదా చెల్లె, ఆయన్ని ఆటల పెట్టొద్దు" అన్నాడు. ఇంకో వారం అడిగాను, మళ్లీ వద్దన్నాడు. మూడోసారి, నీకు ఆయన గొంతు రాదేమోలే అన్నాను. పని మీద ప్రేమ ఉన్నవాడిని ఎక్కడ గిచ్చాలో నాకు తెలుసు. ఆ శుక్రవారం సేఫ్టీ సారు వచ్చాడు.

రావడమంటే ఏం రావడం! అచ్చం ఆయనే. మాటకూ మాటకూ మధ్య గుక్క, 'వద్దు' దగ్గర ఆ సాగదీత, అంతా. సారు ఒక పెళ్లికి అతిథిగా వెళ్లాడు. పెళ్లికూతురు బాసికం కింద హెల్మెట్ పెట్టుకోలేదని గమనించాడు. హోమం దగ్గర ఇసుక బకెట్లు లేవు. తలంబ్రాలు కళ్లలో పడే ప్రమాదం ఉంది, కళ్లద్దాలు ఏవీ? అప్పుడు నేను అడిగాను, సార్, ముహూర్తం దాటుతోంది, జల్దీ తాళి కట్టమని చెప్పొచ్చా అని. "జల్దీ తెలుగు మాట కాదమ్మా, కంగారు పడవద్దు, పెళ్లి రేపు చేసుకోండి" అన్నాడు బాయిలరన్న. ఆరోజు కంచాలు మోగించారు.

ఆ తర్వాత ఆపలేకపోయాం. ప్రతి శుక్రవారం సారే కావాలన్నారు. క్యాంటీన్‌లో ఎవరి చేతిలో సాంబారు గరిటె జారినా, ఎవరు బెంచీ మీదనుంచి పడినా, అందరూ ఒక్క గొంతుతో "కంగారు పడవద్దు" అనేవాళ్లు. అసలు సారు మూల బల్ల దగ్గర కూర్చుని తల వంచుకుని పెరుగన్నం తినేవారు. ఒకరోజు నా గదికి వచ్చి నిలబడ్డారు.

"నేను నిజంగా అలాగే మాట్లాడతానా అమ్మా?"

లేదు సార్, ఊరికే నవ్వులాట అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఆ క్షణం నాకు సిగ్గేసింది. సాయంత్రం సంగారెడ్డి బస్సెక్కేసరికి పోయింది.

ఇక ఆ శుక్రవారం. పన్నెండున్నరకు కరెంటు పోయింది. మా సైరన్ కరెంటు మీద నడిచేది, మైకు మాత్రం బ్యాటరీ మీద నడిచేది. బాయిలరన్న అప్పుడే వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకా మొదలుపెట్టలేదు. సేఫ్టీ సారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. చొక్కా తడిసిపోయింది. ఆసిడ్ ట్యాంకు దగ్గర పైపు జాయింటు విడిపోయింది, పొగ లేచింది, గాలి క్యాంటీన్ వైపే కొడుతోంది. అంతవరకే నాకు చెప్పి, మైకు చేతిలోకి తీసుకున్నారు.

"అందరూ శ్రద్ధగా వినండి. కంగారు పడవద్దు. ఆసిడ్ ట్యాంకుల వద్ద ప్రమాదం జరిగింది. భోజనాలు వదిలి తూర్పు గేటు వద్దకు వెళ్లండి."

క్యాంటీన్ నుంచి నవ్వు వచ్చింది. కంచాలు మోగాయి. ఎవరో ఈల వేశారు. సారు మళ్లీ చెప్పారు, ఇంకా గట్టిగా. ఎంత గట్టిగా చెప్తే అంత నవ్వారు. ఆయన మైకు చేతిలో పట్టుకుని మా ఇద్దరివైపు చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరవను. కోపం కాదు అది. ఏం చేయాలో తెలియని మనిషి చూపు.

బాయిలరన్న మైకు లాక్కున్నాడు. తన గొంతుతో, ఏ వేషం లేకుండా, ఇది ఆట కాదు, నేను బాయిలర్ కాడోన్ని చెప్తున్న, లేచి బయటకు ఉరుకుండ్రి అన్నాడు. నవ్వు రెట్టింపయింది. ఇవాళ సారుతో పాటు కొత్త మనిషి వచ్చాడనుకున్నారు. రెండేళ్లలో వాళ్లు మైకులో ఆయన సొంత గొంతు ఒక్కసారీ విననేలేదు. ఎట్లా గుర్తుపడతారు? సారు క్యాంటీన్ వైపు పరుగెత్తబోయారు. బాయిలరన్న ఆయన చేయి పట్టి ఆపి, మైకు నా ముందు పెట్టాడు.

"చెల్లె, ఫోనొచ్చినట్టు పిలువు."

"ఎవర్ని?"

"అందర్ని."

మైకు దగ్గరికి లాక్కున్నాను. గొంతు రోజులాగే వచ్చింది, అలవాటు అంత గట్టిది. మొదట ఒక ఫోర్‌మన్ పేరు, బిళ్ల నంబరు చదివాను. ఇంటి నుంచి ఫోన్, తూర్పు గేటు దగ్గరికి రావాలి అన్నాను. నవ్వు సగంలో తెగింది. ప్యాకింగ్ హాల్లో పనిచేసే ఒకామె పేరు చదివాను. పూర్తిగా నిశ్శబ్దం. మూడో పేరు చదివాను. ఆ తర్వాత, క్యాంటీన్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, అందరూ తూర్పు గేటుకు జల్దీ రండి అన్నాను. సారు పక్కనే ఉన్నారు. దిద్దలేదు.

బల్లలు జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. ఒక్కరు కూడా ఆగి ఎందుకని అడగలేదు. ఆఖరివాళ్లు తలుపు దాటుతుండగానే తెల్లటి పొగ కిటికీల్లోంచి వచ్చింది. అన్నం వడ్డించే ఆమె, ఇంకొకాయన దగ్గుతో రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. మిగతా అందరూ క్షేమం. క్యాంటీన్ వెనుక కరివేపాకు చెట్టు తెల్లారేసరికి మాడిపోయింది. నేను మొదట పేరు చదివిన ఫోర్‌మన్ తల్లికి నెల రోజులుగా బాగాలేదు. ఆయన ఏడుస్తూ గేటుకు వచ్చాడు. అబద్ధమని తెలిశాక కూడా ఆ ఏడుపు ఆగలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు, నేనూ తప్పు పట్టలేదు.

సోమవారం మేనేజరు గదిలో విచారణ. బల్లకు అటు మేనేజరు, పక్కన సేఫ్టీ సారు, ఇటు మేమిద్దరం. సేఫ్టీ ఆఫీసరును ఎగతాళి చేయాలన్న ఆలోచన ఎవరిది అని అడిగారు. ఉద్యోగం పోయేంత తప్పు అని కూడా చెప్పారు. నా ఉద్యోగం ఆరేళ్లుగా టెంపరరీ. పర్మనెంటు చేసే కాగితం అదే బల్ల మీద, సంతకం కోసం ఉంది. నా కంటికి కనబడుతూనే ఉంది.

"నాదే సార్" అన్నాడు బాయిలరన్న. "ఆమె ప్రశ్నలడుగుడే. ఆమెకేం ఎరుకలేదు."

మేనేజరు నావైపు చూశారు. నేను బల్ల మీది పేపర్ వెయిట్ వైపు చూశాను. అందులో ఎర్రటి పువ్వు ఉంది. దాని రేకులు లెక్కపెట్టాను. ఆరు. బాయిలరన్నను ఆరోజే సస్పెండ్ చేశారు. సేఫ్టీ సారు రాతపూర్వకంగా ఇచ్చేదాన్ని బట్టి తీసేయాలా, ఉంచాలా అని నిర్ణయిస్తామన్నారు. బయటకు వచ్చాక బాయిలరన్న సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రోజూ రేపు చెప్దామనుకున్నాను. ఆయనకు పొలం ఉంది కదా, నాకేముంది అనుకున్నాను. ఆయనే ఒప్పుకున్నాడు కదా, నేనేమైనా చెప్పమన్నానా అనుకున్నాను. మనిషికి పిరికితనం పట్టినప్పుడు ఎన్ని తెలివితేటలు వస్తాయో! రెండో వారం బుధవారం సేఫ్టీ సారు నా గదికి వచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు.

"అమ్మా, రేపు నేను రాసి ఇవ్వాలి. ఆయన మాట అబద్ధమని నాకు తెలుసు. ఆ పెళ్లి హాస్యంలో 'జల్దీ' అన్నది మీరు. ఆ మాట మీద నేను మిమ్మల్ని దిద్దింది ఈ గదిలో, మనిద్దరి మధ్యే. నేను రాయను. నేను రాస్తే అది నా కక్ష అవుతుంది. మీరు చెప్తే నిజమవుతుంది."

ఆయన వెళ్లాక నేను బోర్డు మీద ఎర్ర దీపాలు వెలుగుతుంటే తీయకుండా అట్లాగే కూర్చున్నాను. ఎన్ని కాల్స్ పోయాయో తెలియదు. తర్వాత మెట్లెక్కి మేనేజరు గదికి వెళ్లి, ఆలోచన నాది, ఆయన రెండుసార్లు వద్దన్నాడు, నేను రెచ్చగొట్టి చేయించాను అని చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమనలేదు. మైకు నా గదిలోంచి తీసేశారు. పర్మనెంటు కాగితం ఇంకో ఏడాది పక్కన పడింది. బాయిలరన్నను తిరిగి తీసుకున్నారు. సేఫ్టీ సారు ఒకే ఒక్క వాక్యం రాసిచ్చారట, ఆ రోజు అందరినీ బయటకు రప్పించిన ఉపాయం ఈ ఉద్యోగిదే అని.

శుక్రవారం ఆయన డ్యూటీకి వచ్చాడు. కిటికీ దగ్గర ఆగాడు. తల లోపలికి పెట్టలేదు, బయటే నిలబడ్డాడు. అన్నా, తప్పయింది అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఏం ఫరవాలేదంటాడని, అవ్వ గొంతుతో ఏదో ఒకటి అని నవ్విస్తాడని నాకు నమ్మకం. ఆయన చేతిలో సైకిల్ తాళం తిప్పాడు.

"రోజు పొద్దుగాల పోయి బూత్ కాడ కూసున్న చెల్లె. నువ్వు ఫోన్ చేస్తవనుకున్న. ఆ బూతాయన రోజు అడుగుతుండె, ఎవరి ఫోన్ కోసమని. మా చెల్లె చేస్తదని చెప్పిన. తొమ్మిది రోజులు చెప్పిన."

 రోజుకు వంద కాల్స్ కలిపే దాన్ని. ఆయన ఊరి బూత్ నంబరు నాకు నోటికి వచ్చు.

ఆ తర్వాత పదకొండేళ్లు కలిసి పనిచేశాం. కోపం పెట్టుకోలేదు. పండగలకు ఇంటికి పిలిచాడు, నేను వెళ్లాను, మా తమ్ముడి కొడుకు పెళ్లికి ఆయన వచ్చి పందిట్లో పని చేశాడు. బాయిలర్ రూములో తోటివాళ్లను అవ్వ గొంతుతో, డ్రైవరు గొంతుతో నవ్విస్తున్నాడని వాళ్లే వచ్చి నాకు చెప్పేవాళ్లు. నా కిటికీ దగ్గరకు కూడా రోజూ వచ్చేవాడు. బాగున్నవా చెల్లె, అన్నం తిన్నవా అని అడిగేవాడు. రిటైరయ్యేదాకా ఆ రెండు మాటలూ తన సొంత గొంతుతోనే అడిగాడు.